గుంతలో మనిషి

ఇంట్లో ఆమెని మిడత అనేవారు. ఒక చోట వాలి, అక్కడ గడ్డి ఉందో లేదో చూసుకునేలోపే ఇంకో చోటికి గెంతుతుందని మేనమామ పెట్టిన పేరు. ఇరవై నాలుగేళ్లొచ్చినా పేరు మారలేదు. గెంతడమూ మానలేదు.

నర్సింగ్ కోర్సులో చేరింది. రక్తాన్ని చూసి భయపడలేదు, శవాన్ని చూసి భయపడలేదు. తెల్లారేదాకా బతకడని తెలిసిన రోగి చెయ్యి పట్టుకుని ‘రేపు ఇంటికి వెళ్లిపోవచ్చు’ అని చెప్పమన్న రోజున మాత్రం ఏప్రన్ విప్పి, మడతపెట్టి, బల్లమీద ఉంచి వచ్చేసింది. ఫోన్లో బీమా పాలసీలు అమ్మే ఆఫీసులో చేరింది. చదవమని ఇచ్చిన మాటల్లో సగం నిజం కాదని తెలిశాక ఫోన్ పెట్టేసి వచ్చేసింది. బట్టల షాపులో చేరింది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి “ఎలా ఉందమ్మా?” అని అడిగిన ఒకావిడతో “చుట్టిపెట్టిన పరుపులా ఉన్నారండీ” అంది. ఆ ఉద్యోగం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

తండ్రి ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి స్కూలు యూనిఫారాలు తయారుచేసే ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది. తల్లీకూతుళ్లు ఉండేది మేనమామ ఇంటి వెనక గదుల్లో. రెండు సంసారాలకీ వంటిల్లు ఒకటే. అందుకని మిడత కొత్తగా మానేసిన ఉద్యోగం మీద చర్చ ఎప్పుడూ పొయ్యి దగ్గరే జరిగేది. అత్తయ్య అధ్యక్షత వహించేది.

“అన్నీ అయిపోయాయి. ఇక మిగిలింది సర్కస్ ఒక్కటే,” అంది అత్తయ్య.

“అక్కడా పులి మొహం మీదే ఏదో ఒకటి అనేసి వస్తుంది,” అంది తల్లి, నవ్వాలో ఏడవాలో తెలీక.

గుమ్మానికి ఆనుకుని టీ తాగుతున్న మామయ్య గ్లాసు కింద పెట్టాడు. అతను లిఫ్ట్ మెకానిక్. ఊళ్లో సగం బిల్డింగుల లిఫ్టులు అతని చేతుల్లోనే ముసలివయ్యాయి.

“గెంతడమే దాని పనైతే నిలువునా గెంతిద్దాం. రేపు పొద్దున్నే నాతో రావే.”

“ఆడపిల్లని ఆ చీకటి గొట్టంలోకా?” అంది తల్లి.

“చీకటికి ఆడా మగా తెలీదక్కా.”

మర్నాడు మిడత మొదటిసారి లిఫ్ట్ నెత్తిమీద నిలబడింది. లోపల నిలబడేవాళ్లకి లిఫ్ట్ అంటే కదిలే గది. పైన నిలబడితే అది వేరే లోకం. చుట్టూ నూనె మరకల గోడలు, నిలువునా ఇనప పట్టాలు, తల పైన చీకట్లోకి వెళ్లిపోయే తాళ్లు. ఆ చీకట్లో మామయ్య గొంతు తప్ప ఏమీ లేదు. మిడతకి భయం వేయలేదు. ఇంకేదో అయింది. అదేమిటో ఆ సాయంత్రం బస్సులో కూర్చున్నాక అర్థమైంది. ఇక్కడ ఎవరినీ ఒప్పించక్కర్లేదు. బ్రేకు పట్టిందా, పట్టలేదా. తలుపు మూసుకుందా, లేదా. మధ్యలో మాట్లాడాల్సింది ఏమీ లేదు.

వారం తిరిగింది. మిడత మానలేదు. నెల తిరిగింది. పొయ్యి దగ్గర చర్చించడానికి విషయం లేక అత్తయ్యకి తోచలేదు.

* * *

చలికాలం మొదట్లో ఒక రోజు ఇద్దరూ లిఫ్ట్ మీద నిలబడి పట్టాల బిగింపులు చూస్తున్నారు. మిడత టార్చి పట్టుకుంది. మామయ్య వేళ్లతో గోడ తడుముతున్నాడు.

“టార్చి వెయ్యవే.”

“వేసే ఉంది మామయ్యా.”

అతను కదల్లేదు. వెలుగు అతని మోచేతి పక్కనే బోల్టు మీద పడుతోంది. అతను వెతుకుతున్నది సరిగ్గా ఆ బోల్టునే.

“ఆఁ, ఆఁ. ఇటు వెయ్యమంటున్నా,” అన్నాడు, తల తిప్పి.

మిడత సంచిలోంచి స్పానర్ తీసి, అతని చెవికి జానెడు దూరంలో గాల్లో పట్టుకుంది.

“స్పానర్ ఇలా ఇయ్యి,” అన్నాడు మామయ్య, ఎదురుగా చేయి చాపి.

పని అయ్యాక ఇద్దరూ డాబా మీదికి వచ్చారు. లిఫ్ట్ మోటార్లుండే గది అక్కడే. ఎండలో అతని కళ్లు మామూలుగానే ఉన్నాయి. అదే ఆమెకి ఎక్కువ భయం పుట్టించింది.

“ఎప్పటినుంచి?” అంది.

అబద్ధం చెబుతాడనుకుంది. చెప్పలేదు.

“నిరుడు తెలిసింది. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనబడుతుంది. కంపెనీ డాక్టరు అక్షరాల బోర్డు పెడితే ఆఖరి వరస దాకా గడగడా చదివేస్తా. పక్కన ఏనుగు నిలబడితే మాత్రం వాసన రావాల్సిందే. మసక వెలుతురైతే ఎదురుగా ఉన్నదీ లేదు.”

“మందు లేదా?”

“లేదు. గొట్టం సన్నబడుతూ పోతుందట. ఎంతదాకా అనడిగా. మూసుకునేదాకా అన్నాడు.”

“అత్తయ్యకి తెలుసా?”

“నేను తాగుతున్నాననుకుంటోంది. గుమ్మాలకి కొట్టుకుంటున్నా కదా. అనుకోనీ. తాగుడైతే ఎప్పటికైనా మాన్పించొచ్చని ఆశ ఉంటుంది.”

కింద రోడ్డు మీద ఎవరో హారన్ మోగిస్తూనే ఉన్నారు.

“మామయ్యా, ఇది ఆఫీసులో చెప్పాలి.”

“చెప్పు. నన్ను ఈ రోజే దింపేస్తారు. నువ్వెవరి హెల్పర్‌వి? నా హెల్పర్‌వి. నా మాట మీద తీసుకున్నారు నిన్ను. నేను దిగితే నువ్వూ దిగుతావ్. తర్వాత ఎక్కడికి గెంతుతావే? సర్కస్‌కా?” అతను గొంతు తగ్గించాడు. “నీకు సొంత పర్మిట్ వచ్చేదాకా ఆగు తల్లీ. ఒంటరిగా పని చేసుకోవచ్చని నీ చేతికి కార్డు వచ్చిన సాయంత్రమే నేనే వెళ్లి చెప్పుకుంటా. అప్పటిదాకా నాకు కళ్లు నువ్వు, నీకు చేతులు నేను.”

బట్టల షాపులో ఒక్క అబద్ధం ఆడలేకపోయిన పిల్ల అక్కడ నిలబడి తలూపింది. మొదటిసారి ఆమె దగ్గర పోగొట్టుకోవడానికి ఏదో ఉంది. తలూపింది అతనికి కనబడిందో లేదో అని అనుమానం వచ్చి, “సరే,” అని పైకే అంది.

* * *

అలాంటి చదువు ఏ కాలేజీలోనూ ఉండదు.

“నోటితో చూడు,” అనేవాడు మామయ్య. మిడత చూసిందల్లా పైకి చెప్పాలి. ‘బాగానే ఉంది’ అంటే ఊరుకునేవాడు కాదు. “బాగానే ఉండటానికి అది పెళ్లికొడుకా? మెరుస్తోందా, మాసిందా? ఏ వైపు అరిగింది? తాడులో పోగు లేచిందా? వేలు పెట్టకు, తెగుతుంది. కళ్లతో చూసి చెప్పు.” ఆమె చెప్పేది. అతను కళ్లు మూసుకుని వినేవాడు. విని, ఏం చేయాలో చెప్పేవాడు. కొన్నాళ్లకి అతను చెప్పకముందే ఆమె చేతులు అటు వెళ్లసాగాయి.

ఎనిమిదంతస్తుల పాత బిల్డింగు ఒకటి ఉంది. పైన పళ్ల డాక్టరు, మధ్యలో ఆడిటర్లు, ట్యూషన్ సెంటర్. పక్కపక్కన రెండు లిఫ్టులు. పై గదిలో రెండు మోటార్లు, గోడకి రెండు మెయిన్ స్విచ్చులు. బల్బు ఎప్పుడో పోయింది. మామయ్య గోడ తడిమి ఎడమ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

“అది కాదు మామయ్యా. ఇక్కడ తారుమారు. ఎడమది రెండో లిఫ్ట్‌ది.”

“అన్ని చోట్లా ఎడమదే ఒకటోది కదే?”

“రెండో లిఫ్ట్ తర్వాత పెట్టినట్టున్నారు. ఎడమ పక్కే ఖాళీ ఉంటే అక్కడ బిగించేశాడు.”

“ఎవడో ఎడంచేతి వాటంవాడు,” అని గొణిగి చెయ్యి మార్చుకున్నాడు.

వేసవిలో పర్మిట్ వచ్చింది. సూపర్‌వైజర్ మెంథాల్ బిళ్ల చప్పరిస్తూ కార్డు ఆమె చేతిలో పెట్టాడు. “మీ మామయ్య ఎవర్నీ పొగడడు. నిన్ను పొగిడాడు. రేపటినుంచి నీ బిల్డింగులు నీవే. ఆయనకి కొత్త హెల్పర్‌ని ఇస్తున్నా.”

కొత్త హెల్పర్ వయసులో మిడత కంటే చాలా పెద్ద. వెల్డింగ్ షాపు మూతపడితే ఈ పనిలోకి వచ్చాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. అందరూ వెల్డర్ అనే పిలిచేవారు. మొదటి రోజే మిడతకి దండం పెట్టాడు. “మీరు సీనియర్ మేడమ్. మీ మామయ్యగారి చేతి కింద నేను మొద్దునైనా మనిషిని అవుతానంటారా?”

ఆ సాయంత్రం మామయ్య సూపర్‌వైజర్ గదికి వెళ్లలేదు.

“సోమవారం చెబుతాలే,” అన్నాడు.

సోమవారం దాటింది. తర్వాతి సోమవారం కూడా దాటింది. మిడత అతన్ని పెరట్లో పట్టుకుంది.

“మామయ్యా, మాటిచ్చావ్.”

“నా చేతులకి ఈ ఊళ్లో ప్రతి లిఫ్టూ తెలుసే. కళ్లతో ఏం పని?”

“వెల్డర్‌కైనా చెప్పావా?”

“వాడికి చెప్పడమూ మైకులో చెప్పడమూ ఒకటే.”

“అయితే సూపర్‌వైజర్‌కి నేనే చెబుతా.”

“చెప్పు. ‘నీకెప్పటినుంచి తెలుసు’ అనడుగుతాడు కదా ఆయన. దానికేం చెబుతావో ముందు అనుకుని వెళ్లు.”

ఆ ప్రశ్నకి మిడత దగ్గర జవాబు ఉంది. నోరు లేవనిది అందుకే. వంటింటి కిటికీలోంచి తల్లి గొంతు వినబడుతోంది. పక్కింటావిడతో, వీధి చివరిదాకా వినబడేంత గట్టిగా, “మా అమ్మాయి మెకానిక్. హెల్పర్ కాదు, మెకానిక్,” అంటోంది. చేతిలో మిడత యూనిఫాం చొక్కా, ఊడిన బొత్తాం కుడుతోంది.

మిడత లోపలికి వెళ్లిపోయింది. రేపు చెబుదామనుకుంది. ఆ మాట కూడా మామయ్య దగ్గరే నేర్చుకుంది.

* * *

ఆ ఉదయం ఆమె తన బిల్డింగులో తలుపు రోలర్లు మారుస్తుండగా సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

“నీ దగ్గర చిన్న పంపు ఉంది కదా? పళ్ల డాక్టరు బిల్డింగులో లిఫ్ట్ కింద గుంతలో నీళ్లు చేరాయట. మీ మామయ్యా వెల్డరూ బకెట్లతో తోడుతున్నారు. కాస్త అందించి రా.”

“ఏ లిఫ్ట్ సార్?”

“ఒకటోది.”

ఆ బిల్డింగులో స్విచ్చులు తారుమారని గుర్తొచ్చి మిడత స్క్రూడ్రైవర్ పక్కన పడేసింది.

మామయ్యకి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడు. మోటార్ల గదిలో ఉంటే వినబడదు. వెల్డర్‌కి చేసింది. స్విచాఫ్. నీళ్లలోకి దిగేవాడు ఫోన్ జేబులో పెట్టుకోడు. పంపు స్కూటర్ మీద కాళ్ల మధ్య ఇరికించుకుని బయల్దేరింది. దారంతా తనకి తాను నచ్చజెప్పుకుంది. అతనికి గుర్తుండే ఉంటుంది. ఎడంచేతి వాటంవాడని తిట్టాడు కదా. గుర్తుండే ఉంటుంది.

కింది హాల్లో జనం గుమిగూడి ఉన్నారు. ఒకటో లిఫ్ట్ తలుపుకి ‘రిపేరులో ఉంది’ అన్న బోర్డు వేలాడుతోంది. తలుపు మూసే ఉంది. ట్యూషన్ పిల్లలు తిరిగే చోట గుంతని తెరిచి ఉంచకూడదని వెల్డర్ లోపలికి దిగి తలుపు లాక్కున్నాడన్నమాట. రెండో లిఫ్ట్ ముందు నిలబడ్డవాళ్లు బొత్తాం నొక్కి నొక్కి తిట్టుకుంటున్నారు. అది రావడం లేదు.

మిడత తలుపుల పైకి చూసింది. రెండో లిఫ్ట్ అంకెల పలక నల్లగా ఉంది. ఒకటోదాని మీద ఎర్రగా ‘8’ వెలుగుతోంది.

ఆగి ఉండాల్సింది నడుస్తోంది. నడవాల్సింది ఆగిపోయింది.

స్విచ్ ఆపాక, ఆగిందో లేదో బొత్తాం నొక్కి చూడటం పద్ధతి. మామయ్య ఆ పద్ధతి ఎన్నడూ తప్పడు. పైనుంచి కేకేసి ఉంటాడు. వెల్డర్ నొక్కి ఉంటాడు. రెండు లిఫ్టుల్లో ఏదీ కదిలి ఉండదు. రెండోది, స్విచ్ ఆపినందుకు. ఒకటోది, కింద తలుపు తెరిచి ఉన్నందుకు. ఏ అంతస్తులోనైనా తలుపు తెరిచి ఉంటే లిఫ్ట్ కదలదు. ‘ఆగింది సార్’ అని వెల్డర్ గుంతలోకి దిగి, తలుపు మూసుకున్నాడు. మూసుకున్న క్షణం నుంచి ఒకటో లిఫ్ట్‌కి ప్రాణం వచ్చింది. గుంతలో ఆపే బొత్తాం ఉండాలి. ఈ బిల్డింగులో అది తుప్పుపట్టి చాలా రోజులైంది.

ఆ లిఫ్ట్‌ని ఎవరూ కిందికి పిలవనంతవరకే వెల్డర్‌కి భూమ్మీద నూకలు.

రెండోదానికోసం విసిగిపోయినవాళ్లలో ఎవరో ఒకటోదాని బొత్తాం కూడా నొక్కారు. ‘8’ పోయి ‘7’ వెలిగింది.

“వెల్డర్!” అని అరిచింది మిడత. “బయటికి రా! బయటికి!”

తలుపు అవతల బకెట్ చప్పుడు ఆగింది. “ఆఁ? ఎవరూ?”

తలుపుకి ఆనుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు, దవడకి రుమాలు కట్టుకుని. మిడత ఆయన్ని రెండు చేతులతో పక్కకి నెట్టింది. ఆయన కింద పడ్డాడు. ఎవరో “ఏయ్, కళ్లు నెత్తికెక్కాయా?” అన్నారు. బయటినుంచి ఆ తలుపు తెరవడానికి మూడు మూలల తాళంచెవి ఉంటుంది, ప్రతి మెకానిక్ నడుముకీ ఒకటి. తీసి తలుపు పైఅంచున ఉన్న రంధ్రంలో దూర్చింది. తిరగలేదు. ‘5’. అది పాత తలుపు. ఒక చేత్తో తలుపుని తనవైపు లాక్కుని, రెండో చేత్తో తిప్పాలి. లాగింది. వేళ్లు జారాయి. ‘3’. ప్యాంటుకి చేయి తుడుచుకుంది. ‘2’. లాగి తిప్పింది. లోపల కొక్కెం టక్కుమంది. తలుపు పక్కకి తోసింది.

పైనుంచి వస్తున్న లిఫ్ట్ ఒళ్లు విరుచుకున్నట్టు చప్పుడు చేసి ఆగింది.

ఆమె కళ్లెదురుగా లిఫ్ట్ అడుగు భాగం ఉంది. దాని కింద మోకాలెత్తు సందు. ఆ సందులోంచి గుంతలో నల్లటి నీళ్లు. నీళ్లలో వెల్డర్ కూలబడి ఉన్నాడు. ఆమె పిలవకపోతే వంగి నీళ్లు తోడుతూ ఉండేవాడు. ఆమె పిలిచిందని లేచి నిలబడబోయాడు. లిఫ్ట్ కింది ఇనప చట్రం అతని భుజం మీదికి దిగింది. ఒక చెయ్యి ఉండకూడని వైపు తిరిగి ఉంది. నోరు తెరుచుకుని ఉంది కానీ అందులోంచి ఏ శబ్దమూ రావడం లేదు.

కాసేపటికి వచ్చింది. ట్యూషన్ పిల్లలు చెవులు మూసుకున్నారు.

ఇందాక తిట్టినవాణ్ణే పట్టుకుని, “ఈ తలుపు మూసుకోకుండా అడ్డంగా నిలబడు. ఏం జరిగినా కదలకు. అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి,” అని మిడత మెట్లెక్కింది. లిఫ్ట్ పైకి జరిగితే తప్ప మనిషి బయటికి రాడు. జరపాలంటే పై గదికి వెళ్లాలి.

మామయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఆగిపోయిన రెండో మోటారు మీద చెయ్యి వేసి, పెంపుడు కుక్క వీపు మీద వేసినట్టు.

“ఏమే, రొప్పుతున్నావ్? పంపు తెచ్చావా?”

ఆమె కుడి స్విచ్ కిందికి లాగింది.

“అదెందుకు? అది రెండోది కదే.”

“ఒకటోది. వెల్డర్ కింద ఇరుక్కున్నాడు మామయ్యా.”

అతని మొహంలో ఏదో కూలడం ఆమె చూసింది. కానీ ఆగలేదు. బ్రేకు విప్పే కడ్డీ అందుకుంది. మామయ్య లేచాడు. తడుముకుంటూ ఒకటో మోటారు చక్రం దగ్గరికి వచ్చి రెండు చేతులా పట్టుకున్నాడు.

“బ్రేకు నువ్వు వదులు. ఒక్కసారిగా వద్దు. తాడు అవతలి కొసన కట్టిన బరువు ఎక్కువ, లిఫ్ట్ దానంతట అదే లేస్తుంది. నేను పట్టి ఉంచుతా. తాడు మీద అంతస్తు గుర్తు గీత చూసి చెప్పు.”

“కొంచెం... ఇంకొంచెం... ఆపు.”

చక్రం వెంట్రుకవాసి కూడా ఎక్కువ తిరగలేదు. అంత గట్టి చేతులు.

* * *

వెల్డర్ బతికాడు. భుజం, మెడ ఎముక, మోచెయ్యి విరిగాయి. ఆ చెయ్యి ఇక తలపైకి లేవదని డాక్టర్లు చెప్పారు.

అంబులెన్స్ వెళ్లాక మామయ్య మెట్ల మీద కూర్చున్నాడు. మిడత కింది మెట్టు మీద నిలబడింది.

“వాడికేం తెలీదు,” అన్నాడతను మెల్లగా. “జనానికీ తెలీదు. స్విచ్ చెడిపోయిందంటే నమ్ముతారు. పాత బిల్డింగేగా. నేను ఈ రోజే మానేస్తా. నిజంగా. ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో కూర్చుంటా. నువ్వు మాత్రం నోరు విప్పకు తల్లీ. దొరక్క దొరక్క దొరికింది నీకు.”

అతను ఈసారి మాట తప్పడని ఆమెకి తెలుసు. ఇంటికెళ్లి కూర్చుంటాడు. ఇంకెవరి మీదా లిఫ్ట్ దిగదు. తన కార్డు తన జేబులోనే ఉంటుంది. అంతా సర్దుకుంటుంది.

“మామయ్యా, నేను నీతో లేని ఈ రోజుల్లో ఎన్ని బ్రేకులు చూశావ్?”

అతను తల వంచి తన చేతుల వైపు చూసుకున్నాడు.

“చూశావా?”

“చేత్తో చూశా.”

“తాళ్లు?”

“చేత్తో.”

ఆ లిఫ్టులన్నీ ఇప్పుడు తిరుగుతున్నాయి. ఆస్పత్రిలో, బడిలో, అపార్టుమెంట్లలో. చూసినట్టు మామయ్య చెప్పినందుకు, ఇంకెవరూ చూడరు. తను నోరు మూసుకుంటే ఎప్పటికీ చూడరు.

మిడత సూపర్‌వైజర్ గదికి వెళ్లి మొదటినుంచీ చెప్పింది. మెంథాల్ బిళ్ల అతని బుగ్గలోనే ఆగిపోయింది.

“నీకెప్పటినుంచి తెలుసు?”

“చలికాలం నుంచి.”

“ఈ కార్డు నీకు నేనిచ్చిన రోజున తెలుసా?”

“తెలుసు సార్.”

“అయితే ఇక్కడ పెట్టు.”

పెట్టింది. ఆయన తిట్టలేదు. ఫోన్ తీసి, మామయ్య చూసిన లిఫ్టులన్నీ వెంటనే ఆపించమని ఒక్కో బిల్డింగుకీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె వెళ్లిందో లేదో కూడా చూడలేదు. తర్వాత తెలిసింది, ఒక ఆస్పత్రి లిఫ్ట్‌లో తాడు పోగులు సగం దాకా తెగి ఉన్నాయని. రోగుల మంచాలు ఎక్కించే లిఫ్ట్. ఆ సంగతి చెప్పిన మెకానిక్ మిడతని మెచ్చుకోవడానికి చెప్పలేదు. “ఇది తెలిసీ నెలల తరబడి ఎలా నిద్రపోయావు తల్లీ?” అని అడిగాడు.

ఆస్పత్రి వరండాలో వెల్డర్ భార్య ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. “నువ్వు రాకపోతే నా పిల్లలకి తండ్రి లేడమ్మా,” అంది. మిడత ఆమెకీ చెప్పింది. మామయ్య కళ్ల సంగతి, తనకి ముందే తెలిసిన సంగతి. ఆవిడ అంతా విన్నది. పట్టుకున్న చేతులు వదిలేసి, తన చేతులు కొంగుకి తుడుచుకుంది.

ఇంట్లో మామయ్య ముందు గదిలో కుర్చీకి అంటుకుపోయాడు. అత్తయ్యకి అన్నీ తెలిశాయి. వారం రోజులు ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత గుమ్మాల దగ్గరున్న చెప్పులూ బకెట్లూ ఒక్కొక్కటే గోడ వారకి సర్దడం మొదలుపెట్టింది. మామయ్య మిడతతో మాట మానేశాడు. ఆమె గదిలోకి వస్తే గోడ వైపు తిరిగేవాడు.

మిడత ఊళ్లో ఉన్న ఇంకో లిఫ్ట్ కంపెనీకి వెళ్లింది. ముందు పనిచేసిన చోట ఎందుకు మానేశావని అడిగారు. చెప్పింది. బయట కూర్చోమన్నారు. మళ్లీ పిలవలేదు. పక్క ఊళ్లో కంపెనీకి వెళ్లింది. అక్కడా చెప్పింది. అక్కడ బయట కూర్చోమని కూడా అనలేదు.

“ఇంకేదైనా చూసుకోవే,” అంది తల్లి, పొయ్యి దగ్గర. ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. “ఇన్ని మార్చావ్. ఇంకొకటి మార్చలేవా?”

“లేదమ్మా.”

“ఎందుకు లేదు? వాళ్లు తీసుకోరని తెలుస్తోందిగా. పోనీ, అడిగినప్పుడల్లా అదంతా విప్పి చెప్పకపోతేనేం?”

“ఒకసారి చెప్పకుండా చూశాగా.”

తల్లి గరిటె కింద పెట్టింది. ఏడవలేదు. కూతురి మొహంలోకి చాలాసేపు చూసి, “రేపెక్కడికి?” అంది.

మిడత రైలు స్టేషన్ అవతల గోదాముల దగ్గరుండే కంపెనీ పేరు చెప్పింది. సరుకుల లిఫ్టులు బాగుచేసేవాళ్లు. మురికి పని, మనుషులు నిలవరు, అందుకని ఎప్పుడూ ఎవరో ఒకరు కావాలంటారు.

ముందు గదిలో కుర్చీ కిర్రుమంది.

“ఏమోయ్,” అన్నాడు మామయ్య, అత్తయ్యని పిలుస్తూ. “దానికి చెప్పు. ఆ కంపెనీ ఫోర్‌మన్ మధ్యాహ్నం దాటితే మనిషి కాదు. వెళ్తే పొద్దున్నే వెళ్లమను.”

“అది ఇక్కడే ఉంది. నీ నోటితో నువ్వే చెప్పొచ్చుగా,” అంది అత్తయ్య.

అతను చెప్పలేదు.

“అత్తయ్యా,” అంది మిడత, గుమ్మం దాకా వచ్చి. “ఎన్నింటికి తెరుస్తారో అడుగు.”

“ఏడింటికి,” అన్నాడు మామయ్య, అత్తయ్య నోరు తెరవకముందే.